పుస్తె పక్కన గీసిన గీత

పసిడేరు కొండల్లో ఉన్నంతసేపూ బండల మీద పడుతూ లేస్తూ, అరుస్తూ, దారిన పోయేవాణ్ణి బతకనివ్వదు. పింగళపురం కనబడేసరికి మాత్రం ఎక్కడలేని మర్యాదా నేర్చుకుని మెల్లగా పారుతుంది. కుడిగట్టున పడవవాళ్ళ పల్లె, పల్లె వెనక ఎర్రరాతి మెట్లు, మెట్ల పైన కోట, కోట బురుజుల మీద రాగిరేకుల కప్పులు, ఆ కప్పుల మీద రెపరెపలాడే పసుపుపచ్చ జెండాలు. వీధి స్తంభాలకు బంగారు పూత, రథాలకు బంగారు గంటలు, ఆఖరికి రాజుగారి పెంపుడు కోతి మెడలో కూడా బంగారు గొలుసే. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మెరుపు చూసి నోరు తెరుస్తారు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు మాత్రం తల వంచుకుని తమ పని తాము చూసుకుంటారు.

ఇంత చక్కని ఊరికి కీర్తిధ్వజ రాకుమారుడు ఆ ఉదయం తడిగుడ్డలతో, గీరుకుపోయిన మోకాళ్ళతో, ఇసుకలో పాకుతూ చేరాడు. మొసళ్ళ మడుగులో అతను చేసిన పోరు గురించి ఇంతకుముందే చెప్పుకున్నాం గనక మళ్ళీ చెప్పను. కథలో ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను.

తామ్రజటుడనే మాంత్రికుడు మనుషుల్ని పట్టి గుప్పెడంత బంగారు బొమ్మలుగా మార్చేస్తాడు. ఆ బొమ్మల్ని తెప్పల మీద పింగళపురం పంపించి, అక్కడ కొండ మీది పుటశాలలో తనే దగ్గరుండి కరిగిస్తాడు. పింగళపురం కోటలో కూర్చుని కనకవల్లి రాజ్యాన్నేలే హేమాంగదుడు, ఇంత బంగారం ఎక్కణ్ణించి వస్తోందని ఏనాడూ అడగలేదు. అడిగితే రావడం ఆగిపోతుందేమోనని అతని భయం. కీర్తిధ్వజుడి తమ్ముడు వసంతధ్వజుడు కూడా ఆ మాంత్రికుడి చేతికి చిక్కి బొమ్మైపోయాడు. తమ్ముణ్ణి వెతుక్కుంటూ బయలుదేరిన రాకుమారుడు అడవిలో ఒక యక్షిణికి మేలు చేసి, ఆమె ద్వారా ఒక రహస్యం తెలుసుకున్నాడు.

ఈ విడత తెప్ప మీద పోతున్న బుట్టలో మనిషి అతని తమ్ముడొక్కడే. తక్కినవన్నీ, విడిపించడానికి వచ్చేవాళ్ళ కళ్ళు కప్పడానికి పోత పోసిన ఉత్త బొమ్మలు. అన్నిటికీ ఒకే ముఖం, ఒకే నిలువు, ఒకే బరువు. ఉత్త బొమ్మది పదహారు వన్నెల మేలిమి బంగారం. మనిషి బొమ్మలో మాత్రం నెత్తురు తాలూకు ఎరుపు ఎంతో కొంత మిగిలిపోతుంది, అందుచేత వన్నె తగ్గుతుంది. ఆ తేడా కంటికి తెలియదు, గీటురాయికే తెలుస్తుంది. మనిషి బొమ్మను తన పొదరింటికి తెస్తే తిరిగి మనిషిని చేస్తానని యక్షిణి మాటిచ్చింది. నిప్పు మాత్రం తగలనివ్వవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

మడుగులో తెప్ప తలకిందులై బుట్ట పగిలింది. బొమ్మలన్నీ నీళ్ళపాలయ్యాయి. ఒక్కటి మాత్రం తెల్లవారాక ఇసుకలో మెరుస్తూ రాకుమారుడి కాలికి తగిలింది.

లోకంలో బంగారం దొరికినవాడెవడైనా అది అసలైన మేలిమి కావాలని దేవుళ్ళందరికీ మొక్కుకుంటాడు. వన్నె తగ్గాలని, కల్తీ తేలాలని మొక్కుకున్నవాడు కీర్తిధ్వజుడొక్కడే.

ఇసుకలో పడి ఉన్న అతన్ని లేవదీసిన పడవ సింగన్న, మంచివాడు గనక, ఎవరు నువ్వని అడక్కుండానే ఇంటికి తీసుకుపోయాడు. సింగన్న భార్య తిప్పాంబ, మంచిదే అయినా, అడిగింది. రాకుమారుడు అబద్ధమాడలేక అంతా చెప్పేశాడు. ఆమె కాసేపు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించి, ఎప్పుడో ఒక గాజుల సెట్టి వాళ్ళింట్లో వదిలేసి పోయిన గాజుల మలారం తెచ్చి అతని భుజాన వేసింది. తలకు పాత రుమాలు చుట్టింది. నుదుట అడ్డబొట్టు పెట్టింది. గాజులవాడు ఏ ఇంట్లో కూర్చున్నా ఎవరూ ఏమనరు, రాకుమారుడు కూర్చుంటే ఊరు ఊరంతా వస్తుందని ఆమె లెక్క. ఆ తర్వాత సింగన్న పడవ కట్టేసిన రేవులో కాపలాకి వెళ్ళిపోయాడు.

ఇక బొమ్మను పరీక్షించాలి. కంసాలి దగ్గరికి పోవడానికి లేదు. పింగళపురంలో కంసాలులంతా రాజు పేర ఒట్టు వేసినవాళ్ళు, దొరికిన బంగారం కంటబడితే వెంటనే గంట కొట్టాలి. దాచినవాడి తల కోటగుమ్మానికి వేలాడుతుంది. పోనీ ఇంట్లోనే చూసుకుందామంటే, ఇళ్ళల్లో గీటురాళ్ళు ఉండకూడదని రాజు ఏనాడో చాటింపు వేయించాడు. రాజుగారి బంగారాన్ని శంకించేవాళ్ళకు తప్ప గీటురాయితో పనేమిటని ఆ చాటింపులో అడిగారు. దానికి జవాబు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

తలుపు దగ్గరగా వేసి, బొమ్మను చాప మీద పెట్టుకుని ఇద్దరూ దాని ఎదురుగా కూర్చున్నారు. మెత్తగా కరిగిన మైనం మీద వేలు రాసినట్టు దాని ముక్కూ నోరూ అలికిపోయి ఉన్నాయి. అందులో తమ్ముడి పోలికలు వెతికీ వెతికీ రాకుమారుడి కళ్ళు మండాయి.

"కొరికి చూద్దామా బాబూ?" అంది తిప్పాంబ. "మా పల్లెలో బంగారాన్ని కొరికే చూత్తారు."

"మా తమ్ముణ్ణి కొరుకుతావా అక్కా?" అన్నాడు కీర్తిధ్వజుడు.

ఆమె నాలిక కరుచుకుంది. రాతి మీద పడేసి మోత వింటే తెలుస్తుందంది. పడేస్తే ఎముక విరుగుతుందని అతనన్నాడు. చింతపండు పులుసులో నానేసి తోమితే ఇత్తడైతే ఇత్తడి రంగు బయటపడుతుందంది. పులుసు కళ్ళల్లో పడితే మంట కాదా అని అతనన్నాడు. కుంపటి మాట ఆమె ఎత్తబోయి తనే మానేసింది. ఇలా ఇంట్లో చెయ్యగలిగిన పరీక్షలన్నీ ఒకటొకటిగా కొట్టుకుపోయాయి. బొమ్మ ఎవరిదో తెలియనిదే దాన్ని ముట్టుకోవడానికి లేదు, ముట్టుకోనిదే ఎవరిదో తెలిసే దారి లేదు. ఈలోగా మడుగులో రాజభటులు వలలు లాగుతున్నారని సింగన్న వచ్చి కబురు చెప్పి మళ్ళీ రేవుకి పోయాడు. ఇది తమ్ముడే అయితే తక్షణం తీసుకుని అడవికి పరిగెత్తాలి. కాకపోతే తమ్ముడు ఇంకా మడుగు అడుగున ఉన్నాడు, భటుల వలకు చిక్కకముందే దూకి వెతకాలి. రెండూ రెండు దిక్కులు. 

తిప్పాంబ ఉన్నట్టుండి లేచి, అటక మీంచి ఒక నల్లరాయి దింపింది. పసిపిల్లలకు వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాసే సానరాయి అది. తరాల తరబడి అరిగి అరిగి అద్దమంత నున్నగా ఉంది. గీటురాయిని పట్టుకుపోయిన భటులు పిల్లల మందు రాయి జోలికి పోలేదు.

"ఎక్కడ గీసినా నొప్పేగా అక్కా?"

"జుట్టు బాబూ. మంగలి ముందు కూకుంటే ఎవరికైనా నొప్పెడతాదా?"

కీర్తిధ్వజుడు ఇన్ని దేశాలు తిరిగాడు, ఇందరు పండితుల్ని చూశాడు గాని ఇంత సుఖమైన మాట ఎవరి నోటా వినలేదు. బొమ్మ తల మీద చిన్న సిగ ఉంది. తిప్పాంబ రాతికి ఒక చుక్క ఆముదం రాసి గుడ్డతో తుడిచి, బొమ్మను రెండు చేతులా పట్టుకుని, సిగ కొసను రాతి మీద ఒక్కసారి గీసింది. పిల్లకు తల దువ్వేటప్పుడు ఉండేంత నెమ్మది ఆ చేతిలో ఉంది. నల్లని రాతి మీద సన్నని పచ్చగీత పడింది.

గీత పడింది, బాగానే ఉంది. అయితే ఒంటరి గీత ఏమీ చెప్పదు. ఎన్ని వన్నెలో తేలాలంటే పక్కన పదహారు వన్నెల బంగారంతో ఇంకో గీత గీసి, రెండిటినీ పోల్చి చూడాలి. మేలిమి బంగారం పడవవాళ్ళ ఇంట్లో ఎక్కడుంటుంది? ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఏ పేద ఇంట్లోనైనా పెళ్ళాం మెడలో పుస్తె మాత్రం మేలిమిదే ఉంటుంది. దానిలో కల్తీ కలపడం మహాపాపం. పైగా తిప్పాంబది రాజుగారి పుస్తె. కనకవల్లిలో ఏ ఆడపిల్ల పెళ్ళైనా పుస్తె రాజుగారే కానుక పంపుతారు, అంతకుముందు పెళ్ళైనవాళ్ళ పాత పుస్తెలు తీసుకుని వాటికంటే బరువైన కొత్తవి ఇచ్చారు. పేదవాళ్ళ మీద ఆయనకంత దయ.

తిప్పాంబ తూర్పుకి తిరిగి దణ్ణం పెట్టుకుంది. తాడు మెడలోంచి తియ్యకుండానే ముందుకు వంగి, పుస్తె అంచును రాతికి ఆనించి, బొమ్మ గీత పక్కనే గీసింది. మా ఆయన చల్లగా ఉండాలి, మా ఆయన చల్లగా ఉండాలి అని గొణుక్కుంటూనే ఉంది.

ఇద్దరూ వంగి చూశారు. గుమ్మం దగ్గరికి తీసుకుపోయి ఎండలో చూశారు. తడిపి చూశారు. రెండు గీతలూ ఒకే చాయ. ఏది బొమ్మదో, ఏది పుస్తెదో, గీసినవాళ్ళకే గుర్తు పట్టడం కష్టమైపోయింది.

"పదహారు వన్నెలే," అన్నాడు కీర్తిధ్వజుడు.  చేతిలో ఉన్నది ఉత్త బొమ్మ. తమ్ముడు మొసళ్ళ మడుగులో, బురదలో, ఒంటరిగా ఉన్నాడు. రాకుమారుడికి ఏడుపొచ్చింది, ఏడవడానికి తీరిక లేక లేచి నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే వీధిలో గుర్రాల డెక్కలు వినిపించాయి. ఏటిగట్టు ఇళ్ళన్నీ సోదా చేస్తున్నారని ఎవరో కేకేశారు. ఉత్త బొమ్మైనా సరే, ఇంట్లో దొరికితే తిప్పాంబ మొగుడి తల పోతుంది. పెరట్లోకి విసరడానికి వ్యవధి లేదు. తిప్పాంబ బొమ్మను లాక్కుని మూల ఉన్న బియ్యపు కుండలో పడేసి, మూకుడు మూసింది. సానరాయిని పీట కింద తోసింది. కీర్తిధ్వజుడు మలారం విప్పి ఆమె చేతికి గాజులు ఎక్కిస్తున్నట్టు కూర్చున్నాడు. తలుపు తన్నుకుంటూ దళపతి భల్లటుడు లోపలికొచ్చాడు.

ఈ భల్లటుడు ఎడారి దేశపువాడు. ముక్కు మీద కత్తిగాటు, చెవులకు ఎముకల పోగులు. హేమాంగదుడు సొంత దేశపువాళ్ళను నమ్మలేక అతన్ని తెప్పించుకున్నాడు. మన భాష భటుల దగ్గర నేర్చుకున్నాడు గాని, ఇళ్ళల్లో ఆడవాళ్ళు మాట్లాడే భాష అతనికి ఎవరూ నేర్పలేదు. చాపలు తిరగేయించాడు, పొయ్యిలో బూడిద కెలికించాడు, గాజులవాణ్ణి లేపి నడుం తడిమించాడు. ఇక పోతాడనుకుంటూండగా కర్రతో మూలనున్న కుండను చూపించాడు.

"అందులో ఏముంది?"

"బియ్యం నిండుకున్నాయి బాబూ," అంది తిప్పాంబ.

ఆమె తప్పేమీ లేదు. కుండలో బియ్యం ఒక్క గింజ లేదు. ఇంట్లో బియ్యం లేవని ఏ ఇల్లాలూ నోటితో అనదు, పసుపు అయిపోయినా, ఉప్పు అయిపోయినా నిండుకుందనే అంటుంది. పుట్టినప్పటినించీ అదే మాట నాలిక మీద ఆడుతోంది, ఆ భయంలోనూ అదే వచ్చింది. ఖాళీ కుండతో ఇతనికేం పని, పోతాడులే అని ఆమె ఉద్దేశం. భల్లటుడికి మాత్రం కుండ నిండా బియ్యం ఉన్నట్టు వినిపించింది. ఏటి ఒడ్డున రెండు పూటలుగా ఎండు రొట్టెలు నమిలి విసుగెత్తినవాడు, భటుల్ని పక్క ఇంటికి పొమ్మని, తన వాటా తను తీసుకుందామని మూకుడు తీసి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. బియ్యం తగల్లేదు. తగిలిందేమిటో బయటికి తీసి చూసేసరికి అతని ముక్కు మీది గాటు కూడా వెలిగింది.

కీర్తిధ్వజుడి చెయ్యి మలారంలో దాచిన బాకు మీదికి పోయింది. అయితే భల్లటుడు భటుల్ని పిలవలేదు. వాకిలి వైపు ఒకసారి చూసి, బొమ్మను నడుంపట్టీలో దోపుకున్నాడు.

"ఈ ఇంట్లో నేనేమీ చూడలేదు. మీరూ చూడలేదు," అన్నాడు నెమ్మదిగా.

సోదాలో దొరికిందంటే బహుమానంలో భటులకూ వాటా పోతుంది. తనే మడుగులో దిగి తెచ్చానని చెప్పుకుంటే మాంత్రికుడి మెప్పు తనకే దక్కుతుంది. వాడి కక్కుర్తి ఆ ఇంటిని కాపాడింది. గుర్రం పుటశాల దారి పట్టిన చప్పుడు విని తిప్పాంబ గోడకి చేరగిలబడిపోయింది. కీర్తిధ్వజుడు కూడా ఊపిరి వదిలాడు. పోతే పోయింది, అది ఉత్త బంగారమేగా, వాళ్ళు కరిగించుకుంటే మనకేమిటని ఆమెకి ధైర్యం చెప్పాడు. మడుగుకి బయలుదేరడానికి రుమాలు బిగించుకున్నాడు. ఆ మాట అన్నందుకు ఆ తర్వాత చాలా ఏళ్ళు అతనికి నిద్రలో ఉలికిపాటు పోలేదని చెబుతారు.

పెరటి తలుపు తోసుకుని తిప్పాంబ అత్త కాచమ్మ ఎండుచేపల బుట్టతో వచ్చింది. సోదాలో తిరగబడిన చాపలు సర్దుతూ పీట ఎత్తి చూసింది. సానరాయి మీద గీతలు కనబడ్డాయి. ముసలిదానికి కోపం ముక్కు మీదే ఉంటుంది.

"మొగుడు బతికుండగా పుస్తె రాతికి గీత్తావటే?" అని కోడలి మీద విరుచుకుపడింది. పుస్తె గీత అనేది పెళ్ళిపందిట్లో ఒకసారే చూసుకోవాలని, అదీ మేనమామ గియ్యాలని, పదిమందికీ చూపించాలని తిట్టింది. తిడుతూ తిడుతూ రాతిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని ఆగిపోయింది.

"ఇదేం గీతే? ఎర్రంగా ఉందేటి?"

ఎరుపేమీ లేదని తిప్పాంబంది. రెండూ పచ్చగానే ఉన్నాయి, ఒకే తీరుగా ఉన్నాయని కీర్తిధ్వజుడూ అన్నాడు. మేలిమి గీత మీరెప్పుడన్నా చూశారా అని ముసలిది నిలదీసింది. తిప్పాంబ పెళ్ళినాటికే రాజుగారి పుస్తెలొచ్చాయి, ఎవరూ గీసి చూపించలేదు. రాకుమారుడు బంగారు ఉయ్యాల్లో పెరిగాడు గాని, ఏ బంగారాన్నీ రాతి మీద గీసి చూసుకోవలసిన అవసరం అతనికి రాలేదు.

కాచమ్మ బొడ్డుసంచి విప్పింది. వక్కలూ పొగాకూ తీసి పక్కన పెట్టి, అడుగునుంచి గుడ్డలో చుట్టిన పాత పుస్తె ఒకటి పైకి తీసింది. రాజుగారు పుస్తెలు మార్చిన ఏడు ఆమె అప్పటికే మొగుణ్ణి పోగొట్టుకుని ఉంది. ముత్తయిదువుల ఇళ్ళకు వెళ్ళి పుస్తెలు మార్చినవాళ్ళు, మొగుడు పోయిన ఆడదాని పుస్తె ఏమైందని అడగలేదు. ఆమె దాన్ని రాతి మీద, ఆ రెండు గీతల పక్కన, గట్టిగా ఒకసారి గీసింది.

మూడో గీత పడింది. అప్పుడే కోసిన పసుపుకొమ్ము రంగు అది. దాని పక్కన తక్కిన రెండు గీతలూ పచ్చగా లేవు. పసుపులో కుంకుమ కలిసినట్టు, రెండిట్లోనూ ఎర్రని జీర.

 రాయి అబద్ధమాడలేదు. పక్కన గీసిన కొలతే అబద్ధం. అంటే బొమ్మ వన్నె తక్కువది. అంటే ఆ బొమ్మే వసంతధ్వజుడు. తమ్ముణ్ణి ఎదురుగా పెట్టుకుని, సిగ గీయించి, కాదని చెప్పి, కరిగించుకోమని కీర్తిధ్వజుడే సాగనంపాడు.

తిప్పాంబ ఇంకో సంగతి ఆలోచిస్తోంది. మెడలోని పుస్తెను రెండు వేళ్ళతో పట్టుకుని చూసుకుంటోంది. 

"బాబూ," అంది. "ఇదెవరు?"

 ఆ తాడు తెంపితే మొగుడికి కీడని ఆమె భయం, ఉంచుకుంటే మెడలో ఎవరి కూతురో, ఎవరి కొడుకో. కాచమ్మ తిట్టడం మరిచిపోయి కోడల్ని దగ్గరికి తీసుకుంది. కొండ మీద పుటశాల కొమ్ము ఊదారు. కొలుములు రాజేసే వేళయింది. కీర్తిధ్వజుడు మలారం భుజాన వేసుకుని వాకిట్లోంచి ఒక్క దూకు దూకాడు.

భల్లటుడు గుర్రం మీద గట్టు చుట్టూ తిరిగి పోవాలి. అడ్డంగా పోతే వాగు ఉంది, వాగు మీద సగం తెగిన తాళ్ళ వంతెన ఉంది. దాని మీద మేకలు కూడా పోవు. రాకుమారుడు పోయాడు. మధ్యలో పలక విరిగింది, ఒక్క చేత్తో తాడు పట్టుకుని వేలాడి, ఊగి, అవతలి బండ మీద పడ్డాడు. బండ వెనకనుంచి ఇద్దరు కాపలావాళ్ళు ఈటెలతో లేచారు. గాజులవాడికి ఇక్కడేం పనని మొదటివాడు అడుగుతూండగానే, మలారంలో సగం గాజులు వాడి కాళ్ళ కింద పరుచుకున్నాయి. వాడు జారి వాగులో పడ్డాడు. రెండోవాడి ఈటె రాకుమారుడి చేతికొచ్చింది. ఆ ఈటెనే ఊతగా పొడుచుకుంటూ నిట్టనిలువుగా ఉన్న చరియ ఎక్కాడు. మొదటి నక్షత్రం కనబడేసరికి పుటశాల ప్రహరీ మీద ఉన్నాడు.

కింద విశాలమైన ఆవరణ. బారుగా కొలుములు, ఎర్రగా రాజుకుంటున్నాయి. వాటి మీదుగా ఒక ఇనుప దూలం, దూలానికి గొలుసులతో వేలాడుతున్న మూసలు. ఒక్కొక్క మూసలోనూ ఇంతకుముందు విడతల్లో వచ్చిన బొమ్మలు. దూలాన్ని ఎత్తడానికీ దించడానికీ ఒక లావుపాటి మోకు ఉంది. అది నగారా మంచె మీది గిలక మీంచి వచ్చి, కింద గుంజకు చుట్టి ఉంది. కొలుముల ఎదుట పులితోలు మీద తామ్రజటుడు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, రాగితీగల్లాంటి జడలు నేల మీద జీరాడుతున్నాయి. ప్రతి ఇంటినుంచీ ఒకరు వచ్చి పుటానికి దణ్ణం పెట్టుకోవాలని ఆజ్ఞ గనక ఆవరణ నిండా జనం. అందరూ తల వంచుకునే ఉన్నారు.

భల్లటుడు అప్పటికే వచ్చి, బహుమానం అందుకుని, చేతులు దులుపుకుంటున్నాడు. అతని నడుంపట్టీ ఖాళీగా ఉంది. వసంతధ్వజుడు ఏదో ఒక మూసలో ఉన్నాడు. ఏ మూసలో?

దూలం కిందికి దిగింది. మూసలు నిప్పుల మీదికొచ్చాయి. వెంటనే మంచె మీద నగారా మోగడం మొదలైంది. ఏనుగు తోలు బిగించిన నగారా అది. దాని మోతకి గుండెలు అదిరాయి, పక్కనున్నవాడి మాట పక్కవాడికి వినబడలేదు. జనానికి అది అలవాటే. పుటం పెట్టేవేళ మంగళవాద్యం మోగాలని వాళ్ళు అనుకుంటారు.

కీర్తిధ్వజుడి కళ్ళు మాత్రం మూసల మీదే ఉన్నాయి. వేడి తగిలిన బొమ్మల ముఖాల్లో, ఇంతసేపూ అలికినట్టున్న నోళ్ళు తెరుచుకుంటున్నాయి. మూసుకుంటున్నాయి. మళ్ళీ తెరుచుకుంటున్నాయి. ఈ నగారా ఎందుకు మోగుతోందో అప్పుడు అతనికి అర్థమైంది.

ప్రహరీ మీంచి మంచె మీదికి దూకాడు. నగారా వాయించే ముసలివాడు అడ్డు రాబోయాడు. రాకుమారుడు అతన్ని తప్పించుకుని, బాకును నగారా తోలు మీద పిడి దాకా దించి, అడ్డంగా చీల్చేశాడు. కర్ర దెబ్బ చీలిన తోలు మీద పడి టప్పుమంది. ఆ తర్వాత ఏ మోతా లేదు.

ఆ నిశ్శబ్దంలో పింగళపురం జనం తమ ఊరి బంగారం మాట మొదటిసారి విన్నారు.

ఎవరిదో ఆడగొంతు, పాప ఏడుస్తోందని, తలుపు తియ్యమని అడుగుతోంది. ఎవరో మంచినీళ్ళు అడుగుతున్నారు. ఎవరో తన ఊరి పేరు, ఇంటిపేరు చెప్పుకుంటున్నారు, మళ్ళీ మొదటినుంచీ చెప్పుకుంటున్నారు. కీర్తిధ్వజుడు చెవులు రిక్కించాడు.

"అన్నా," అని వినబడింది.

ఎడమ పక్క మూసలోంచి. అటు దూకబోయాడు.

"అన్నా," అని ఈ చివరనుంచి వినబడింది. నడిమి మూసలోంచి ఇంకో గొంతు. దాని పక్కనుంచి ఇంకొకటి. నిప్పు మీద పడ్డ ప్రతి తమ్ముడూ ఆ మాటే పిలుస్తున్నాడు. వేడికి కమిలిన గొంతులు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒక్క మూసను లాగడానికే వ్యవధి ఉంది. రాకుమారుడు అటొకసారి, ఇటొకసారి చూశాడు.

ఇక చూడడం మానేశాడు. గిలక మీంచి గుంజకు దిగుతున్న మోకును రెండు చేతులా పట్టుకుని, మంచె మీంచి ఒళ్ళంతా బరువు చేసి అవతలికి దూకాడు. దూలం కిర్రుమంది. మూసలన్నీ కలిసి నిప్పుల మీంచి జానెడు పైకి లేచాయి. ఆపైన లేవలేదు. ఆ దూలాన్ని ఎత్తడానికి మామూలుగా ఒక గుంపు పనివాళ్ళు కావాలి. మోకు అతని అరచేతుల్లోంచి తోలు ఒలుచుకుంటూ జారడం మొదలుపెట్టింది. భల్లటుడు కత్తి దూసి పరిగెత్తుకొస్తున్నాడు.

అతని తల పైన ఇంకో రెండు చేతులు మోకును పట్టుకున్నాయి. నగారా వాయించే ముసలివాడివి. వాడి కళ్ళంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఇన్నేళ్ళూ నేను మూయించింది ఈ నోళ్ళనా అయ్యా?" అన్నాడు. అని, మంచె మీంచి వాడూ దూకేశాడు.

దూలం ఇంకో జానెడు లేచింది. జనంలోంచి ఎవరో మోకు పట్టుకోవడానికి ముందుకొచ్చారు. వాళ్ళ వెనక ఇంకెవరో తల ఎత్తారు. పులితోలు మీద తామ్రజటుడు కళ్ళు తెరిచాడు.